ఇల్లు అన్న పేరున కాదు, తమ్ముడి పేరునే రాయండి

సంపాదకులకు నమస్కారం.

మేధో వైకల్యం ఉన్న బిడ్డ గల ఇంట్లో తండ్రికి అరవై దాటేసరికి బంధువుల నోట ఒక మాట వస్తుంది: "ఆడికేటి తెలుస్తాది, ఇల్లు పెద్దోడి పేర్న రాసీండి, ఆడే చూసుకుంటాడు." శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ సలహా మీద రాసిన దస్తావేజులకు కొదవ లేదు. చెప్పేవాళ్లది చెడు ఉద్దేశం కాదు. ఆ పెద్దోడూ చాలాసార్లు మంచివాడే. అయినా ఆ కాగితం తమ్ముణ్ని కాపాడదు. ఇల్లు పెద్దోడి ఆస్తి అయ్యాక అతను చేసిన అప్పుకు తాకట్టు వెళ్లొచ్చు. అన్నకేమైనా అయితే అది అతని భార్యకు, పిల్లలకు, తల్లి బతికుంటే తల్లికి చెందుతుంది. తమ్ముడికి వంతు రాదు.

"తమ్ముణ్ని జీవితాంతం పోషించవలెను" అని దస్తావేజులో ఒక వాక్యం రాయించి గుండె మీద చెయ్యి వేసుకు పడుకునేవాళ్లున్నారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, పోషణ షరతు మీద రాసిచ్చిన ఆస్తిని వెనక్కి తీసుకోవచ్చన్న మాట నిజమే. కానీ ఆ రక్షణ రాసిచ్చిన వృద్ధుల పోషణ కోసం ఉన్నది. వాళ్లు పోయాక తమ్ముడి తరఫున ఆ షరతు పట్టుకుని ఆర్డీవో దగ్గరికి వెళ్లేదెవరు?

మేము చెప్పేది ఒక్కటే. ఇల్లు ఎవరు ఉండడానికో వాళ్ల పేరునే రాయండి. చూసుకునే బాధ్యత వేరే కాగితం మీద పెట్టండి. చూసుకునే మనిషి మారినా ఇల్లు మారకూడదు. ఇంగ్లండ్‌లో 'హోల్డ్' అనే పథకం కింద దీర్ఘకాల వైకల్యం ఉన్నవారు ఇంట్లో కొంత వాటా కొనుక్కుని, మిగతా వాటాకు అద్దె కట్టుకుంటారు. రోజువారీ సాయం మాత్రం వేరే వాళ్ల పని. మన దగ్గర అలాంటి పథకం లేకపోయినా, అదే ఫలితం తెచ్చుకోవడానికి చట్టాలు చాలినన్ని ఉన్నాయి. వాటిని వాడే వరస తెలియకే చిక్కులు.

ముందు ఒక భయం తీరాలి. రోగం, లోపం, అంగవైకల్యం కారణంగా ఎవరికీ వారసత్వం పోదని 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ చెబుతోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ఇంకా ముందుకెళ్లింది. ఆస్తి సొంతం చేసుకోవడం, వారసత్వంగా పొందడం, డబ్బు వ్యవహారాలు చూసుకోవడం, బ్యాంకు రుణం తీసుకోవడం, అన్నింటిలో అందరితో సమాన హక్కు ఉండేలా చూడటం ప్రభుత్వ బాధ్యత అంది. కాబట్టి "ఆడి పేర్న రాస్తే చెల్లదు" అన్నది పుకారు.

ఆ పుకారు పుట్టింది రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ నుంచి. దస్తావేజు రాసిచ్చే మనిషి మైనరుగానో మతిస్థిమితం లేనట్టుగానో కనిపిస్తే సబ్ రిజిస్ట్రార్ తిరస్కరించాలి. గమనించాల్సింది, రాసిచ్చే మనిషి అయితేనే. తండ్రి కొడుక్కి దఖలు (దానంగా ఇచ్చే) దస్తావేజు రాస్తే రాసిచ్చేది తండ్రి, పుచ్చుకునేది కొడుకు. ఆస్తి బదిలీ చట్టం 122వ సెక్షన్ ప్రకారం దానాన్ని పుచ్చుకునేవారు గానీ, వారి తరఫున మరొకరు గానీ స్వీకరించొచ్చు; ఆ స్వీకారం రాసిచ్చినవారు బతికుండగానే జరగాలి. రాసిచ్చినవారి సంతకం, ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రేషన్ ఉంటే చాలు. ఇంత స్పష్టంగా ఉన్నా కౌంటరు దగ్గర "అబ్బాయికి మాటలు సరిగా రావట్లేదు, కోర్టు ఆర్డరు తెండి" అని పంపేస్తుంటారు. అలాంటప్పుడు వాదనకు దిగకుండా, తిరస్కరణకు కారణం రాసి ఇమ్మని అడగాలి. రాసిస్తే 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రార్‌కు అప్పీలు వేసుకోవచ్చు. చాలాసార్లు రాసివ్వమని అడగ్గానే దస్తావేజు ముందుకు కదులుతుంది.

ఇక వరస. మొదటిది వైకల్య శాతం తెలిపే సదరం ధ్రువపత్రం, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు. 40 శాతం వైకల్యం ఉంటేనే చట్టం ఇచ్చే రిజర్వేషన్లు వర్తిస్తాయి. స్వల్ప మేధో వైకల్యానికి కూడా 50 శాతం వేస్తారు కనుక ఈ గీత దగ్గర ఇబ్బంది రాదు. ఇబ్బందల్లా పేర్ల దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, సదరంలో పొడి అక్షరంగా, రైస్ కార్డులో ముద్దుపేరుగా ఉంటే ప్రతి కౌంటరులో ఆగిపోతారు. ముందుగా మూడింటినీ ఒకటి చేయించాలి.

రెండోది సంరక్షకుల నియామకం. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. బిడ్డకు 18 ఏళ్లు నిండిన రోజు నుంచి తల్లిదండ్రులు చట్టం దృష్టిలో సహజ సంరక్షకులు కారు. కన్నవాళ్లం కదా అనుకుని దస్తావేజులో "తండ్రి గార్డియన్‌గా" అని రాయిస్తే దానికి ఆధారం ఉండదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాకూ స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. అందులో కలెక్టర్, నేషనల్ ట్రస్ట్‌లో నమోదైన సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉంటారు. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారికి సంరక్షకుణ్ని వేసే అధికారం దీనికి ఉంది. దరఖాస్తు ఫారం 'ఎ', నియామక పత్రం ఫారం 'బి'. వైకల్య ధ్రువపత్రం, వయసు రుజువు, చిరునామా రుజువు, ఇద్దరి ఫొటోలు, తోబుట్టువుల సమ్మతి జత చేస్తే వెనక్కి రాకుండా పని అవుతుంది. ఆడపిల్లకు ఒంటరి మగమనిషిని సంరక్షకుడిగా వేయరు. పెళ్లయినవాడైతే భార్యతో కలిపి వేస్తారు.

కమిటీ అసలు చూడాల్సింది రెండు విషయాలు: ఈ మనిషికి సంరక్షకుడు అవసరమా, అవసరమైతే దేనికి? స్వల్ప వైకల్యం ఉండి, కూలికో పనికో వెళ్తూ, తన డబ్బు తాను లెక్కపెట్టుకునే అమ్మాయికి సంరక్షకుడు అక్కర్లేకపోవచ్చు. కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ చూసేది ఆ వ్యవహారం అర్థమైందా, తనకు మంచో చెడో తేల్చుకోగలదా అన్నది మాత్రమే. సదరం శాతం చూసి మతిస్థిమితం లేదని తేల్చే వీల్లేదు. అలాంటి అమ్మాయిని రిజిస్ట్రేషన్‌కు తీసుకెళ్లేముందు ఇంటి ఫొటో చూపిస్తూ ఎవరిస్తున్నారు, ఏమిస్తున్నారు, ఆ తర్వాత ఇల్లు ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబు చెప్పేలా కొన్నాళ్లు మాట్లాడాలి. బట్టీ పట్టిస్తే మాత్రం ప్రశ్న కొంచెం మార్చి అడగ్గానే బిక్కమొహం వేస్తుంది.

ఇంకో పాత సలహా ఉంది, జిల్లా కోర్టుకెళ్లి ఆస్తికి మేనేజరును వేయించుకోమని. అది 1987 మానసిక ఆరోగ్య చట్టం నాటి మాట. ఆ చట్టమే ఇప్పుడు లేదు. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టం కూడా మానసిక రోగం నిర్వచనంలో మేధో వైకల్యాన్ని చేర్చలేదు. కొందరు లేఖరులకు ఈ సంగతి ఇంకా చేరలేదు.

ఫారం 'బి' చేతికొచ్చాకే దస్తావేజు. ఇల్లు తండ్రి పేరున ఉంటే సంరక్షకురాలిగా తల్లి ఉండటం మేలు. ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒకే మనిషి కాకూడదన్నది దీని వెనకున్న లెక్క. ఇల్లు ఇద్దరి పేరునా ఉంటే పిన్నినో మేనత్తనో సంరక్షకురాలిగా పెట్టుకోవాలి. దస్తావేజులో మాటలు ఇలా ఉంటే సరిపోతుంది: "ఈ షెడ్యూలు ఇంటిని నా కుమారునికి సర్వహక్కులతో దఖలు పరచితిని. నా కుమారుని తరఫున స్థానిక స్థాయి కమిటీ నియమించిన సంరక్షకురాలు ఈ దఖలును నేడు స్వీకరించి, అసలు దస్తావేజును స్వాధీనపరచుకొన్నది. నేనును, నా భార్యయు మా జీవితకాలము ఈ ఇంటిలో నివసించు హక్కు కలిగియుందుము." చివరి వాక్యం మరవొద్దు. పెద్దవాళ్లకూ నిలువ నీడ ఉండాలి కదా.

"ఎప్పటికీ అమ్మరాదు" అని రాయించాలని చాలామంది పట్టుబడతారు. పూర్తి హక్కులతో ఇస్తూ అమ్మకాన్ని పూర్తిగా నిషేధించే షరతు ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ ప్రకారం చెల్లదు. ఆ వాక్యం వల్ల కలిగేది వృథా భరోసా. రక్షణ వేరే చోట ఉంది. సంరక్షకుడు నియామకమైన ఆరు నెలల్లో ఆస్తి జాబితాను కమిటీకి ఇవ్వాలి. ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో, అంటే జూన్ నెలాఖరుకు, జమాఖర్చుల లెక్క ఇవ్వాలి. నిర్లక్ష్యం చేసినా ఆస్తి మింగేసినా తల్లిదండ్రులు, బంధువులు, నమోదైన సంస్థ ఎవరైనా తొలగించమని కోరవచ్చు. ఇల్లు అమ్మక తప్పని పరిస్థితి వస్తే కోర్టు అనుమతి తీసుకోవడమే క్షేమం. బుద్ధున్న కొనుగోలుదారు అది లేకుండా బయానా ఇవ్వడు. ఈ జాబితాలు, లెక్కలు ఇచ్చేవాళ్లు అరుదు, అడిగేవాళ్లు మరీ అరుదు. కాపలా పెట్టి కాపలావాణ్ని నిద్రపొమ్మన్నట్టుంది.

ఇదంతా తండ్రి స్వార్జితానికి. పిత్రార్జితమైతే తండ్రి ఒక్కడే ఇల్లంతా రాసివ్వలేడు. కొడుకులతో పాటు కూతుళ్లకూ వాటా ఉంది. అప్పుడు అందరూ కలిసి పంపకాల దస్తావేజు రిజిస్టరు చేసుకుని, ఇల్లు ఈ బిడ్డ వాటాకు వచ్చేలా, పొలం మిగతావాళ్లకు పోయేలా సర్దుకోవాలి. పంపకంలో వాటా తీసుకునే అన్నే తమ్ముడి తరఫున సంతకం చేయకూడదు. ప్రయోజనాలు ఎదురుపడినప్పుడు సాయం చేసేవాడు ఆ లావాదేవీ నుంచి తప్పుకోవాలని 2016 చట్టమే చెప్పింది. పెద్దమనుషుల సమక్షంలో తెల్లకాగితం మీద రాసుకుని రెవెన్యూ స్టాంపు అంటించిన పంపకాల మీద ఇల్లు కట్టుకోవద్దు. తమ్ముడి వేలిముద్ర వేయించుకున్న హక్కు విడుదల పత్రాలూ అంతే. అతనికి అర్థం కాకుండా తీసుకున్నది కోర్టులో నిలవదు.

మన పల్లెల్లో మరో చిక్కు గ్రామకంఠం, అంటే ఊరి ఇళ్లున్న స్థలం. తాతల నాటి ఇంటికి దస్తావేజు ఉండదు, పంచాయతీ పన్ను రసీదు ఒక్కటే ఆధారం, అదీ చనిపోయిన తాత పేరునే వస్తుంటుంది. సచివాలయంలో ముందు పన్ను రిజిస్టరులో తండ్రి పేరు ఎక్కించి, స్వాధీన ధ్రువపత్రం తీసుకుని, నాలుగు హద్దులు కొలిపించాకే దఖలు రాయాలి. స్వామిత్వ సర్వే జరిగే ఊళ్లలో ఆ ఇంటి నంబరుకు ఎవరి పేరు రాస్తున్నారో దగ్గరుండి చూసుకోవాలి. ప్రభుత్వమిచ్చిన డి-పట్టా స్థలమైతే పట్టాలోని గడువు, షరతులు చదవకుండా దఖలు రాయించొద్దు. గడువుకు ముందు రాసింది చెల్లదు, పైగా స్థలానికే ఎసరు రావచ్చు.

తీవ్ర వైకల్యం ఉండి, అద్దె వచ్చే ఇళ్లో పొలమో కూడా ఉన్న కుటుంబాలకు 1882 ట్రస్టుల చట్టం కింద కుటుంబ ట్రస్టు సరిపోతుంది. ముగ్గురు ధర్మకర్తలు, వారిలో ఒకరు బయటివారు, ఒకరు తప్పుకుంటే మరొకరిని ఎలా వేయాలో రాతపూర్వకంగా ఉండాలి. స్థిరాస్తి పెడితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చిన్న ఇల్లొక్కటే ఉన్నవాళ్లకు ఇంత హంగామా అక్కర్లేదు. వీలునామా ఉంటే, అసలే కాగితం లేకపోవడం కంటే నయం, అంతకు మించి ఆశించొద్దు. అది పెద్దలు పోయాకే అమల్లోకి వస్తుంది, సరిగ్గా అప్పుడే ఈ బిడ్డ తరఫున మాట్లాడేవాళ్లు తగ్గిపోతారు.

సొంత ఇల్లు లేని కుటుంబాల సంగతి. 2016 చట్టం 37వ సెక్షన్ ప్రకారం గృహ పథకాలన్నింటిలో 5 శాతం ఇళ్లు, కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవారికి కేటాయించాలి, అందులో మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలి. గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన నిబంధనలు ఇంకో ముఖ్యమైన మాట చెబుతున్నాయి: వికలాంగుల కోటాలో ఎంపికైనప్పుడు ఇల్లు ఆ వ్యక్తి పేరునే మంజూరు చేయాలి. ఆచరణలో ఏం జరుగుతోందంటే, పెళ్లికాని ముప్పై అయిదేళ్ల కొడుకు రైస్ కార్డులో తల్లిదండ్రుల కింద ఒక పేరుగా మిగిలిపోతాడు, ఇల్లు కుటుంబంలోని మహిళ పేరున వస్తుంది, కోటా లెక్కలోకే రాదు. దరఖాస్తు మీద "వికలాంగుల 5 శాతం కోటాలో, నా పేరున" అని స్పష్టంగా రాసి, రసీదు తీసుకోవాలి.

ఈ పథకంలో సాయం మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతంలో 1.30 లక్షలు, ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు, అంటే దాదాపు 270 చదరపు అడుగులు. డబ్బు ఒకేసారి రాదు, కట్టిన మేరకు ఫొటో తీసి దశలవారీగా వేస్తారు. పునాదికి పెట్టుబడి ఎవరిది, మేస్త్రీని అదిలించేది ఎవరు అన్నది ముందే తేల్చుకోకపోతే పునాది మీద తుమ్మ మొలుస్తుంది. బ్యాంకు ఖాతా కేవైసీ గడువు దాటి ఆగిపోయినా వాయిదా ఆగిపోతుంది. ఖాతా తెరవడానికి, నడపడానికి స్థానిక కమిటీ ఇచ్చిన పత్రాన్ని ఆధారంగా తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. మేనేజరు కాదంటే ఆ మాట గుర్తు చేయండి.

స్థలం ఎంపికలో మాది గట్టి అభిప్రాయం. ఊరికి రెండు కిలోమీటర్ల అవతల లేఅవుట్‌లో మూడు సెంట్లు ఇచ్చేకన్నా ఊళ్లో తెలిసిన వీధిలో ఒకటిన్నర సెంటు మేలు. కిరాణా కొట్టు, బస్సు ఆగేచోటు, ఆసుపత్రి నడిచి వెళ్లేంతలో ఉండాలి. మరీ ముఖ్యంగా, పొద్దున్న తలుపు తియ్యకపోతే "ఏటయ్యిందిరా" అని కేకేసే పొరుగు ఉండాలి. ఇలాంటివారికి స్థలాన్ని సొంత వీధిలోనో పక్క వీధిలోనో చూడాలని అధికారులను కోరుతున్నాం. ఉద్దానం తీరంలో రేకుల కప్పు వద్దే వద్దు. 2018లో తిత్లీ తుపాను ఏం చేసిందో వజ్రపుకొత్తూరు, పలాస వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. స్లాబు వేసుకోవాలి, తుపాను షెల్టరుకు వెళ్లే దారి ఎండ రోజుల్లోనే నడిపించి అలవాటు చేయాలి.

లోపలి ఏర్పాట్లకు పెద్ద ఖర్చు లేదు. వీధి తలుపుకీ పెరటి తలుపుకీ ఒకే చెవితో తెరుచుకునే తాళాలు పెట్టండి. రెండు చెవులుంటే రెండూ పోతాయి. మారు చెవులు ఇద్దరు పొరుగువాళ్ల దగ్గర ఉండాలి. స్నానాల గదికి లోపలి గొళ్లెం తీసేసి, బయటి నుంచి కూడా తెరవగల బిళ్ల తాళం వేయాలి; ఫిట్స్ ఉన్నవారికి ఇది ప్రాణంతో సమానం. గ్యాసు బదులు టైమరున్న ఇండక్షన్ పొయ్యి మంచిది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు విడిగా వేయించాలి, మామూలు 6 ఆంపియర్ల సాకెట్టుకు తగిలిస్తే ప్లగ్గు కాలుతుంది. మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ తగిలితే కరెంటు ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. ఈ ఏర్పాట్లన్నీ తల్లిదండ్రులు బతికుండగా అయిపోవాలి. ముందు ఒక పూట వంట, తర్వాత ఒక రాత్రి, తర్వాత వారం, అలా ఒంటరిగా ఉండటం అలవాటు కావాలి. అమ్మ పోయిన పదకొండో రోజున కొత్తింట్లో దింపితే ఎవరికైనా కష్టమే.

నెల గడవడానికి ఎన్టీఆర్ భరోసా కింద వచ్చే 6,000 రూపాయల పింఛను తిండికి, కరెంటుకు సరిపోతుంది. మనిషిని పెట్టుకోవడానికి చాలదు. తల్లిదండ్రుల్లో ఎవరైనా ప్రభుత్వ ఉద్యోగం చేసి ఉంటే కుటుంబ పింఛను ఈ బిడ్డకు జీవితాంతం వచ్చే వీలుంది, కానీ ఆ పేరు పింఛను కాగితాల్లో వాళ్లు బతికుండగానే ఎక్కితే మేలు. ఒక హెచ్చరిక. పట్టణాల్లో 1000 చదరపు అడుగులకు మించిన కట్టడం, నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం సామాజిక పింఛనుకు అడ్డొచ్చే నిబంధనలు. కనుక మూడంతస్తుల మేడంతా రాయకుండా, బిడ్డ ఉండే భాగాన్ని విడిగా కొలిచి, వేరే డోరు నంబరు, వేరే మీటరు పెట్టించి రాయడం తెలివైన పని. దస్తావేజు అయ్యాక నెలలోపు ఇంటి పన్ను, కరెంటు సర్వీసు పేరు మార్చండి. ఏడాదికోసారి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీసి చూసుకోండి.

చివరగా, స్థానిక స్థాయి కమిటీ కనీసం మూడు నెలలకోసారి సమావేశం కావాలని చట్టంలో ఉంది. ఎప్పుడు కూర్చుంటుందో దరఖాస్తు పెట్టినవాళ్లకు తెలియదు. ఆ తేదీని పదిహేను రోజుల ముందు మీ పత్రిక జిల్లా పేజీలో వేయించాలనీ, శ్రీకాకుళంతో పాటు టెక్కలి, పలాస డివిజన్లలోనూ, అవతల బొబ్బిలి, చీపురుపల్లిలోనూ విడతలవారీగా కూర్చోవాలనీ రెండు జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాం. ఇచ్ఛాపురం నుంచి బిడ్డను వెంటేసుకుని జిల్లా కేంద్రానికి రావడమంటే ఆ తల్లికి ఒక రోజు కూలి, బిడ్డకు ఒక రోజు మందుల వేళ తప్పుతాయి.

ఇట్లు
మేధో వైకల్యం ఉన్నవారి తల్లిదండ్రులు, ప్రత్యేక ఉపాధ్యాయులు కొందరు
శ్రీకాకుళం